ట్రెంట్ కోసం ప్రార్థన

“పీడ వదిలిందంటారేంటండీ? వాడికి మాత్రం అమ్మ లేదా?” అంటూ పర్సిస్ ఆంటీ భర్త మీద కసురుకుంది. ఆఖర్లో బంతి వేయడానికొచ్చి, గెలిచే ఆటల్ని చేజారుస్తున్న ట్రెంట్‌ని వాళ్ళు అభిమానించే బేస్‌బాల్ టీమ్ ఆ మధ్యాహ్నమే డెట్రాయిట్ టీమ్‌కి ట్రేడ్ చేసి పంపించేసింది. కాపెల్ ఊళ్ళోని వాళ్ళింట్లో నా పక్కన కూర్చుని సుందర్ రాజ్ అంకుల్ ఆనందంతో చప్పట్లు కొడుతున్నాడు. ఆట ఉన్న రోజు ఆంటీ హాస్పిటల్ డ్యూటీ నుంచి రాగానే టీమ్ జెర్సీ తొడుక్కుని, పైన చున్నీ వేసుకుంటుంది. టీవీలో ట్రెంట్ మైదానంలోకి అడుగుపెడితే ఆ చున్నీ తల మీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ నిలబడుతుంది. అతను బంతి వేయడం ఆమె ఇంతవరకూ చూడనేలేదు. ఏం జరిగిందో అంకుల్ నిట్టూర్పును బట్టి తెలుసుకుంటుంది. ఆదివారం మా తెలుగు చర్చిలో జబ్బుపడ్డవాళ్ళ పేర్ల తర్వాత ట్రెంట్ పేరు కూడా చదివిస్తుంది.

“ఇంక మనవాడు కాదుగా, పాస్టర్‌గారు ఆ పేరు తీసేస్తార్లే” అన్నాడు అంకుల్. ఆంటీ చున్నీ కొసను వేలికి చుట్టుకుంది. నేను బయల్దేరితే కారు దాకా వచ్చింది. “రేపు పాస్టర్‌గారిని పికప్ చేసేది నువ్వేగా నాయనా? ఆ పేరు తియ్యొద్దని చెప్పు. డెట్రాయిట్ అని కలిపి చదవమను.” తలుపు వేయబోతుంటే మళ్ళీ వంగింది. “వాళ్ళు మనతో ఆడే వారం మాత్రం ఆపమను.”