సూది మీద నింద

జ్ఞానసుందరి అంటే కొత్తవలసలో ఎవరికీ పడదు. నాకూ పడదు. మేమిద్దరం ఒకే కేంద్రంలో పనిచేస్తాం. ఆటిజం ఉన్న పిల్లలకు మాట, ఆట, తమంతట తాము అన్నం తినడం నేర్పుతాం. పిల్లల దగ్గర ఆమె వెన్నపూస. పెద్దవాళ్ళు ఎదురైతే మాత్రం నోరు తెరిస్తే నిప్పులే. నా చీర నుంచి నా చేతిరాత దాకా అన్నిటికీ వంక పెడుతుంది.

అయితే ఒక్క విషయంలో ఆమె కోపం నాకు ఇష్టం. పిల్లాణ్ణి తీసుకొచ్చే ప్రతి కుటుంబమూ ఒక కారణాన్ని కూడా మోసుకొస్తుంది. తల్లి ఫోను చూసింది, తల్లి ఉద్యోగానికెళ్ళింది, తల్లి తినకూడనిది తింది. తండ్రి ఏం చేశాడో ఒక్కరూ చెప్పరు. జ్ఞానసుందరి కుర్చీ కూడా చూపించకుండా "ఎవలు సెప్పారు?" అని అడుగుతుంది. అందరూ అంటున్నారంటే "ఆ అందర్నీ ఓపాలి తీసుకురా, సూద్దుం" అంటుంది. సగంమంది తిట్టుకుంటూ వెళ్ళిపోతారు. మళ్ళీ వారానికి వాళ్ళే వస్తారు.

శాంతికుమార్ ఆమెకు వరసకు మేనల్లుడు. రైల్వేలో ట్రాక్ పని. నాలుగేళ్ళ కొడుకు సంజయ్ మా దగ్గరికే వస్తాడు. వాడికి తొమ్మిదో నెలలో వేయాల్సిన తట్టు ఇంజెక్షన్ జ్వరాల వల్ల వాయిదా పడి ఏడాది దాటాక వేశారు. దాని వల్లే పిల్లాడు ఇలా అయ్యాడని శాంతికుమార్ మొండిపట్టు. అది దగ్గరుండి వేయించింది నువ్వేనని భార్య మీద నలుగురిలో అరుస్తాడు. ఎవడో పంపిన ఆడియో ఒకటి ఫోన్‌లో పెట్టుకుని ఊరంతా వినిపిస్తాడు. ఇప్పుడు పది నెలల కూతురు షాలినికి ఆ ఇంజెక్షన్ వేయనివ్వడం లేదు. ఇంటికొచ్చిన ఆశా కార్యకర్తను గేటు దగ్గరే తిట్టి పంపాడు. అంతలో వాళ్ళ వెనక వీధిలో పిల్లలకు తట్టు పోసింది. ఒకడు ఆయాసంతో ఆస్పత్రి పాలయ్యాడు.

బుధవారం, టీకాల రోజు, జ్ఞానసుందరి నన్ను లాక్కుని వాళ్ళింటికి వెళ్ళింది. శాంతికుమార్ అన్నం తింటున్నాడు. అతని తండ్రి అబ్రహాం, చర్చిలో సంఘ పెద్ద, మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"ఒరే, సంజయ్ ఏడాది పండగ వీడియో టీవీలో పెట్టు" అంది జ్ఞానసుందరి శాంతికుమార్‌తో.

"నీకు పిల్లల్నేరు. కన్నోళ్ళ బాధ నీకేటి తెలుస్తాది అత్తా?"

ఎంత మాట! నేనైతే ఆ కంచం ఎత్తి వాడి నెత్తినే బోర్లించేదాన్ని. ఆమె టీవీ వైపు వేలు చూపించింది. "తెల్దు. వీడియో పెట్టు."

అతను లేవలేదు. భార్య బేబీ పెట్టింది.

వాళ్ళ సంఘంలో ఏడాది నిండిన బిడ్డను పాస్టరుగారు ఎత్తుకుని పేరు పిలుస్తారు. వచ్చినవాళ్ళంతా ఒక్క గొంతుతో అదే పేరు పిలిచి దీవిస్తారు. టీవీలో షామియానా కింద జనమంతా "సంజయ్" అన్నారు. పిల్లాడు తిరగలేదు, రంగుబల్బులనే చూస్తున్నాడు. ఆ వీడియోలోనే శాంతికుమార్ ముందుకొచ్చి చప్పట్లు కొట్టాడు, చెవి దగ్గర పిలిచాడు. వాడు బల్బులే చూశాడు. ఏడాది బిడ్డ పేరు పిలిస్తే తిరగకపోవడం ఆటిజానికి మేం మొదట చూసే గుర్తుల్లో ఒకటి. "పెద్ద జమీందారు, ఎవల్నీ లెక్కసెయ్యడు" అని అబ్రహాం గొంతు వినిపించింది, అందరూ నవ్వారు. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో ఆ భాగాన్ని జరిపేసి కేకు కోసే దగ్గరే చూసేవారట.

"అప్పటికి సూది పడ్డాదేటి?" అంది జ్ఞానసుందరి.

"నేదు" అంది బేబీ. శాంతికుమార్ ఎత్తిన ముద్దను తిరిగి కంచంలో పెట్టేశాడు.

"ఈ వీడియో ఒక్కటీ రుజువు కాదురా. సూది ఏసిన పిల్లల్నీ ఎయ్యని పిల్లల్నీ లక్షలమందిని సూసి, ఆటిజంకీ దీనికీ సంబంధం నేదని తేల్చారు. ఆ మాట నువ్వు నమ్మవని నీ కొడుకునే నీకు సూపించాను."

అబ్రహాం గొంతు సవరించుకున్నాడు. "అయితే సూది కాదు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు ఈ పిల్ల వాకిట్లో కూకుంది. వద్దంటే ఇన్నాదా?"

ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర నిలబడే పెద్దమనిషికి బుధవారం గ్రహణం గుర్తొచ్చింది! ఒక నింద ఊడితే ఇంకోటి తగిలించాలి, అదీ కోడలికే. నాకు ఒళ్ళు మండిపోయింది.

"సిగ్గు నేదా అన్నయ్యా?" జ్ఞానసుందరి లేచి నిలబడింది. "ఇది సాలామందికి కడుపులోనే, మెదడు తయారైనప్పుడే మొదలవుతాది. వంశంలోంచి రావచ్చు, నీ వంశంలోంచైనా రావచ్చు. అది ఎవల తప్పూ కాదు. ఫలానాదొక్కటే కారణమని డాక్టర్లే సెప్పనేదు, నువ్వేటి సెప్తావు?"

శాంతికుమార్ కంచం తోసేశాడు. "నడు బయటికి!"

బయటికొచ్చాం. వెనకే బేబీ, చంకలో షాలిని.

"ఆ పిల్లని అట్టుకెళ్తే మళ్ళీ ఈ గుమ్మం ఎక్కకు" అని లోపలి నుంచి అరిచాడు. బేబీ చెప్పులేసుకుంది.

ఆరోగ్య కేంద్రంలో సూది పడగానే షాలిని ఊరు లేచిపోయేలా ఏడ్చింది. పాపను సరిగ్గా పట్టుకోలేదని జ్ఞానసుందరి బేబీని కూడా తిట్టింది. తిడుతూనే ఆ అమ్మాయి కళ్ళు తన కొంగుతో తుడిచింది.

మేం వరండాలో ఉండగా శాంతికుమార్ వచ్చాడు. భుజం మీద సంజయ్. "నీ మొకం సూడబుద్ధి కాదు నాకు" అని అత్తతో అని, "సూది అయిపోయిందేటి?" అని భార్యను అడిగాడు. అయిందంటే పాప కోసం చెయ్యి చాచాడు.

బేబీ ఇవ్వలేదు. "ముందు, సంజయ్ ఇలాగయ్యింది నా వల్ల కాదని సెప్పు."

వరసలో ఉన్న ఆడవాళ్ళంతా ఇటు తిరిగారు. అతను నేల చూస్తూ ఏదో గొణిగాడు.

"గట్టిగా సెప్పు" అంది బేబీ. "ఇన్నాళ్ళూ నన్నన్నది గట్టిగానే కదా."