మేడమ్ ఇచ్చిన అనుమతి

మొన్న హిందూపురం వెళ్లే బస్సులో పక్కనున్నావిడ ఒక లవంగం నోట్లో వేసుకుంది. ఆ ఘాటు వాసన తగలగానే డాక్టర్ సులోచన గారు గుర్తొచ్చి, పెనుకొండ దాటేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను. పెనుకొండలో ఆమెకు చిన్న ఆసుపత్రి ఉండేది. ఒంటరి మనిషి. ఎప్పుడూ బుగ్గన ఓ లవంగం. చదువు ముగించి ధర్మవరంలో ఖాళీగా ఉన్న నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆమే. హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలోని మూడు ఆసుపత్రులను బ్లాక్‌చెయిన్ అనే కంప్యూటర్ పద్ధతితో కలపడం నా పని. ఏ ఊళ్లో చూపించుకున్నా రోగి పాత వివరాలు డాక్టరుకు అందాలి. ఒకసారి రాసినదాన్ని ఎవరూ చాటుగా మార్చకూడదు. రోగి తన ఫోన్లో సరేనంటేనే అవి తెరుచుకోవాలి. ఆ చివరి షరతు మేడమ్‌ది. దాని విలువ అప్పట్లో నాకు తెలియదు.

ఒకరోజు ధర్మవరం నుంచి మగ్గం నేసే రత్నమ్మ క్షయ మందుల కోసం వచ్చింది. "నా జబ్బు మా ఊరి ఆసుపత్రిలో గూడా కనపడతాదా అమ్మా? ఆడ పనిచేసే పిల్ల మా వీధిదే. బయటపడితే నాకు పని ఎవురిస్తారు?" అంది. "నువ్వు సరే అంటేనే కనపడతాది," అన్నారు మేడమ్. "అయితే వద్దమ్మా." ఒప్పుకుంటే ఆమెకే మేలని నేను నచ్చజెప్పబోయాను. మేడమ్ నా చేయి పట్టుకుని ఆపారు. "ఆయమ్మ వద్దనింది పాపా. భయం పోయినాక తనే ఇస్తాది. అంతవరకు మనం బలవంతం చేయకూడదు." కొన్నాళ్లకు రత్నమ్మే ఫోన్ తెచ్చి నా ముందు పెట్టి, "ఇంగ తెరువు తల్లీ," అంది.

నిరుడు సర్వర్ బాగుచేయడానికి హిందూపురం ఆసుపత్రికి వెళ్లాను. స్కానింగ్ గది బయట బెంచీ మీద, అందరితో పాటు మేడమ్ తన వంతు కోసం కూర్చుని ఉన్నారు. నన్ను చూసి నవ్వి, తల దించుకున్నారు. ఏమైందని అడగాలనుకున్నాను. అడగలేకపోయాను.

కొద్ది వారాలకు నా ఫోన్‌కు సందేశం వచ్చింది. తన వైద్య వివరాలు చూడటానికి మేడమ్ నాకు అనుమతి ఇచ్చారు. తెరవలేదు. బస్సెక్కి పెనుకొండ వెళ్లాను. మంచం మీద మనిషి సగమైపోయి ఉన్నారు.

"చూసినావా?"

"లేదు మేడమ్. మీరు చెప్తే విందామని వచ్చినా."

ఆమె మెల్లగా నా వైపు తిరిగారు. "కాలేయంలో క్యాన్సర్. చేయి దాటిపోయింది పాపా. నోటితో చెప్పలేకే అది పంపినా. ఇన్నేండ్లలో ఈ మాట ఎంతమందికి నిలబడుకోనే చెప్పేసినానో! పక్కన కూచోనన్నా చెప్పింటే బాగుండు." నేను మంచం అంచున కూర్చుని ఆమె చేయి పట్టుకున్నాను. ఎముకలు తగిలాయి.

ఎండలు ముదరకముందే ఆమె పోయారు. ఆసుపత్రిని ఇప్పుడు వేరేవాళ్లు నడుపుతున్నారు. ఆ అనుమతి మాత్రం నా ఫోన్లో అలాగే ఉంది. దాన్ని వెనక్కి తీసుకోగలిగిన మనిషి లేరు. తెరిస్తే ఆ రోగం ఎలా ముదిరిందో అంతా తెలుస్తుంది. ఆమె నోట విన్నది నాకు చాలు. ఈమధ్య ఇంకొన్ని ఆసుపత్రులను కలుపుతున్నాం. అక్కడ కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పేటప్పుడు, ముందు కుర్చీ లాక్కుని రోగి పక్కన కూర్చోమంటాను. ఫోన్ సంగతి ఆ తర్వాతే.