ఎడమవైపు సుద్దగీత

ఉదయం ఐదున్నరకు గద్వాలలో దిగాం. ట్రక్కు ఆగింది గానీ దుమ్ము ఆగలేదు. అది రాయచూరు దాకా పోయి, మనసు మార్చుకుని, తిరిగొచ్చి మా మీదే పడింది. వేసవి. ఎనిమిదింటికల్లా నా బూట్ల పాలిష్ కరిగి మేజోళ్లలోకి దిగింది. సామాను: ఇనుప స్టూళ్లు, వెదురు కర్రలు, తోలు పట్టీలు, ఒక డబ్బా సుద్దముక్కలు. సరిహద్దు చూసొచ్చిన హవల్దార్‌ని, ఇంతకంటే ఘోరమైన డ్యూటీ నాకు పడలేదంటే మీరు నవ్వుతారు. నవ్వండి.

ఆర్డరు చిన్నది. సైన్యంలో చేరాలని వచ్చే యువకుల వెన్ను ఎటెంత తిరుగుతుందో చూడాలి. మొదట గద్వాల, తర్వాత వనపర్తి, చివర నాగర్‌కర్నూల్. స్టూలు మీద కూర్చోబెట్టి తుంటిని పట్టీతో బిగిస్తాం. భుజాల మీద కర్ర పెడతాం. తుంటి కదలకూడదు, నడుము పైభాగమే తిరగాలి. కర్ర కొన నేల మీది సుద్దగీతకు నేరుగా పైకి రావాలి. రెండు వైపులా.

వచ్చినవాళ్లు ఉక్కుముక్కలు. పరుగు తీస్తే వాళ్ల నీడలు వెనకబడి ఆయాసపడేవి. స్టూలెక్కితే మాత్రం సగం మంది పందిరి గుంజలు.

నర్సిములు గద్వాలలోనే వచ్చాడు. కుడివైపు ఎంత తిరిగాడంటే, ఆపకపోతే చుట్టు తిరిగి ఎడమ పక్కనుంచి వచ్చేవాడు. ఎడమకు తిరగమన్నాను. కర్ర గోడకు కొట్టిన మేకులా నిలిచింది. ఏం పని చేస్తావని అడిగాను.

"మట్టిపనన్నా. మా అమ్మ తట్ట నింపుతది, నేను ఎత్తి కుడిదిక్కు పోస్త. చిన్నప్పట్నుంచి గంతే."

"ఎడమదిక్కు ఎన్నడు పొయ్యలేదా?"

"ఎడమదిక్కు మా అమ్మ ఉంటదన్నా."

ఆ నెలతో సైన్యంలో చేరే వయసు అతనికి దాటిపోతుంది. దాటితే తల్లీకొడుకులకు మళ్లీ వలస కూలికి బొంబాయి బస్సే. మా డాక్టర్ కెప్టెన్ కనికరించి నాగర్‌కర్నూల్‌లో ఇంకో అవకాశం ఇచ్చారు. నేను పక్కకు పడుకుని, మోకాలు మడిచి, ఊపిరి వదులుతూ వెన్ను తిప్పడం నేర్పాను. అతను మా వెనకే వనపర్తి వచ్చాడు. బస్టాండులో పడుకున్నాడు, అక్కడే సాధన చేశాడు. ప్రయాణికులు మూర్ఛ అనుకుని రెండుసార్లు చేతిలో తాళంచెవులు పెట్టారట. వనపర్తి వదిలేనాటికి కర్ర గీతకు రెండు వేళ్ల దూరంలోకి వచ్చింది.

ఇక మా వంటవాడు. అలంపూర్ దిక్కు మనిషి. అతను ఎక్కితే ట్రక్కు ఒక పక్కకు వంగి దండం పెట్టేది. పైగా ఎదురుకాళ్లతో పుట్టాడు. అలాంటివాడు తొక్కితే నడుము పట్టు విడుస్తుందని మన దిక్కున నమ్మకం, మీకు చెప్పక్కర్లేదు. సంగతి పొక్కింది. నా స్టూలు ముందు కంటే వంటశాల ముందు వరస పెరిగింది. కెప్టెన్ గట్టిగా మందలించి ఆపించారు.

నాగర్‌కర్నూల్. ఆఖరి పరీక్ష, ఉదయం ఏడు. వాకీటాకీలో గేటు సిపాయి పలికాడు.

"టెంటు, గేటు. నర్సిములు వస్తుండు. జర కట్టె లెక్క నడుస్తుండు. ఓవర్."

"ఏ దిక్కు వంగుతుండు? ఓవర్."

"ఏ దిక్కు లేదు. ఓవర్."

స్టూలు మీద కూర్చోబెట్టాం. ఎడమకు లేదు. కుడికీ లేదు. వంటవాడు గుడారం బయట నిలబడి ఏడుస్తున్నాడు. రెండు వేళ్లే తక్కువున్నాయని, ఒక్కసారి తొక్కమని తెల్లారుజామున ఆ పిల్లవాడు కాళ్లు పట్టుకుంటే కాదనలేకపోయాడట.

ఎముక విరగలేదు, కండరాలు బిగుసుకున్నాయి, నెల రోజులు విశ్రాంతి కావాలన్నారు కెప్టెన్. నర్సిములు నన్నే చూశాడు.

"అన్నా, కుడిదిక్కన్న రాసుకోండ్రి. గద్వాలల మీరు చూసిండ్రు గదా."

నేను వంగి అతని తుంటి పట్టీ విప్పాను.

ఆ మధ్యాహ్నమే తిరుగు ప్రయాణం. ఆ తర్వాత ఎవరడిగినా వంటవాడు తను తలతోనే పుట్టానని చెప్పేవాడు. నేను రిటైరై ఇల్లు చేరాను, పొట్ట పెరిగింది, పరీక్ష పెడితే నా కర్ర ఏ గీతనూ చేరదు. కానీ ఆ రోజు ట్రక్కు వెనకనుంచి చూసింది నా కళ్లలో ఇంకా కదులుతూనే ఉంది. నర్సిములు రోడ్డు దాటాలి. మెడ తిరగదు, నడుము తిరగదు. కాళ్లు కొంచెం కొంచెం జరుపుకుంటూ మొత్తం మనిషే ఒక పక్కకు తిరిగాడు, చూశాడు. అలాగే రెండో పక్కకు తిరిగాడు. అంతలో మొదటి పక్కనుంచి లారీ వచ్చింది. ఆగి, మళ్లీ మొదటి పక్కకు తిరగడం మొదలుపెట్టాడు.