అక్క పాత పాస్‌వర్డ్

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మా అక్క కంప్యూటర్ ముందు కూర్చునేది. నేను వెనక మంచం మీద నడుం వాల్చేదాన్ని. నా ఇల్లు పక్క గల్లీలోనే అయినా, మధ్యాహ్నపు నిద్ర మాత్రం అక్క ఇంట్లోనే. ఫ్యాను గాలికి కిటికీ పరదా లేస్తూ పడుతూ ఉండేది. తెర మీద ఎవరెవరివో పెళ్లిళ్లు వచ్చిపోయేవి. మగత కళ్లతో చూస్తుంటే ఒక పెళ్లిలో పోసిన తలంబ్రాలు ఇంకో పెళ్లికూతురి ఒళ్లో పడుతున్నట్టు అనిపించేది.

మా బావది సాగర్ రోడ్డు మీద ఫొటో స్టూడియో, ఆయన పేరు మీదే. ఇబ్రహీంపట్నంలో ఒక తరం పెళ్లిళ్లన్నీ ఆయనే తీశాడు. ఆయన పోయాక స్టూడియో కంప్యూటర్ ఫొటోలతో సహా ఇంటికొచ్చింది. ఇన్ని వేల ఫొటోల్లో ఆయన ఒక్కదాంట్లోనూ లేడు. కెమెరా వెనక నిలబడేవాడు ఎట్లా కనిపిస్తాడు? అయినా అక్క వెతికేది ఆయన్నే. ఎదురుగా నవ్వుతున్న పెళ్లికూతురు ఎవరిని చూసి నవ్వుతోందో అక్కకు తెలుసు.

ఆ కంప్యూటర్ ముసలిదైపోయి మొరాయిస్తే, మా కాలనీ హాల్లో పెద్దవాళ్లకు కంప్యూటర్ పాఠాలు చెప్పే సారు దాంట్లో ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. దాంట్లో చోటు చాలదని ఫొటోలన్నీ ఆన్‌లైన్‌లో అక్క ఖాతాలోకి మార్చాడు.

"ఊకెనే ఎవలిస్తరు సారూ? దీంట్ల ఏదో మతలబుంటది" అంది అక్క.

"ఎండకాలం చలివేంద్రం పెట్టరా అక్కా? గట్లనే. తెల్సినోళ్లు రాసి అందరికోసం ఇడిసిపెట్టిన్రు."

అక్క నమ్మినట్టే తలూపింది గానీ, పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు మాత్రం నన్ను కూడా చూడనిచ్చేది కాదు. కొంగు అడ్డం పెట్టుకుని ఒక్క వేలితో, తొందరేమీ లేనట్టు, ఒక్కో అక్షరం నొక్కేది. నాకు ఒళ్లు మండేది. దొంగను నేనేనా?

ఒకరోజు పొద్దున్నే బంధువుల ఫోన్లు మొదలయ్యాయి. "పెద్దమ్మా, ఏ దవాఖానల ఉన్నవ్? పానం ఎట్లుంది?" అని ఒకటే ఏడుపు.

"ఇంట్లనే ఉన్న బిడ్డా, బెండకాయలు కోస్తున్న" అని అక్క అందరికీ చెప్పలేక అలిసిపోయింది. ఆమె ఖాతాలోంచి ఎవరో అందరికీ ఆపదలో ఉన్నానని మెయిళ్లు పంపారు. సారును పిలిచాను.

"ఎవడో నీ తాళం తీసిండు అక్కా. ఇప్పుడే పాస్‌వర్డ్ మార్చకుంటే వాడే మారుస్తడు. ఇగ ఫొటోలు నీకు దొరకయి" అన్నాడాయన. తర్వాత మెల్లగా అడిగాడు. "ఇంటోళ్ల పేరు పెట్టినవా? వద్దని క్లాసుల మస్తు సార్లు చెప్పిన గదా. ఊరంత ఎర్కున్న పేరు తాళమెట్లయితది?"

మార్చనని అక్క తల అడ్డంగా ఊపింది. నాకు కోపం నషాళానికి అంటింది. "ఫొటోలన్నీ పోతయ్! గంత మొండితనమేందే?"

"రోజుకొక్కపారి గీడనే పిలుస్తున్న గదనే ఆయన్ను" అంది అక్క. కళ్లనిండా నీళ్లు. "గిది గూడ తీసేస్తే ఎట్ల పిలువాలె?"

మా ఇళ్లల్లో ఆడవాళ్లు భర్త పేరు పలికేవాళ్లు కాదు. దవాఖానాలో చీటీ రాసేవాడు అడిగినా, చెప్పమని నన్ను మోచేత్తో పొడిచేది అక్క. కాపురం చేసినన్నాళ్లూ "ఏమయ్యా" అనే తప్ప ఒక్కసారీ పేరు పెట్టి పిలవలేదు. పిలవాలని అంత ఆశ ఉందని నాకు తోచనే లేదు. నేను మంచం దిగి ఆమె పక్కన కూర్చున్నాను.

కాసేపటికి అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆయన తీసిన ఫొటోలు ఎవనికో ఇడిసిపెడ్తనా?" అని కీబోర్డు దగ్గరికి జరుపుకుంది.

"ఒకదానికొకటి పొత్తులేని నాలుగు మాటలు కలిపి పెట్టు. ఎవ్వలకు చెప్పకు, నాకు గూడ" అన్నాడు సారు, గోడవైపు తిరిగి నిలబడి. పనయ్యాక చెప్పులేసుకుంటూ, "పాతది ఇగ ఏ ఖాతాకూ వాడకు అక్కా. అదిప్పుడు ఉత్త మాటనే" అన్నాడు.

ఆయన వెళ్లాక అక్క మళ్లీ ఫొటోలు తెరిచింది. తెర మీద పెళ్లిళ్లు వచ్చి పోతున్నాయి. ఎండ కిటికీలోంచి మెల్లగా గోడ మీదికి ఎక్కింది. నాకు నిద్రో మెలకువో తెలియని స్థితి.

"ఏమే, పాతది ఇప్పుడు చెప్తే ఏం కాదు గదా?" అంది అక్క.

"ఏం కాదు."

అక్క ఒకసారి గుమ్మం వైపు చూసింది. కొంగు భుజం మీదికి లాక్కుని మా బావ పేరు పలికింది. ఇంటిపేరుతో సహా, పూర్తిగా.

మళ్లీ చెప్పమన్నాను. ఈసారి గట్టిగా చెప్పింది.