గడ్డి మొలవని నదికి రూతక్కతో

మా అక్క రూతమ్మ భివండీ శాంతి నగర్‌లో బిస్సి నడుపుతుంది. మగ్గాల మీద పనిచేసే ఒంటరివాళ్ళకు నెల లెక్కన రెండు పూటలా అన్నం పెట్టే ఇంటిని ఇక్కడ బిస్సి అంటారు. అంజూర్ ఫాటా గోదాములకు వచ్చే లారీ డ్రైవర్లు కూడా అప్పుడప్పుడు అక్కడ తినేవారు. వాళ్ళలో దోర్జే అనే హిమాచల్ కొండల మనిషి ఒకడు. తమ ఊరి కింద స్పితి అనే పెద్ద నది పారుతుందనీ, దాని ఒడ్డున గడ్డిపోచైనా మొలవదనీ ఒకరోజు పప్పు కలుపుకుంటూ చెప్పాడు. అక్క నమ్మలేదు. వచ్చి చూసుకొమ్మన్నాడు దోర్జే. జూన్ మొదట్లో ఊళ్ళోనే ఉంటానన్నాడు.

ఆ మాట అక్కను వదల్లేదు. "ఆ పిలగాడు అబద్ధమాడేటోడు కాదు సుగుణా. కని నీళ్ళుండంగ గడ్డెట్ల మొలవది? నాకు చూడాలనున్నది" అంది నాతో.

బావ నవ్వాడు. "చూడాలంటే మెదక్ చర్చి చూసి రా. చుట్టాలు గూడ కలుస్తరు."

"మెదక్ చూసిన. గిది చూడలే."

అక్కకు యాభై రెండేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. పెళ్ళయ్యాక బిస్సి పొయ్యి వారం రోజులు ఆర్పింది లేదు. నేను తెలుగు బడిలో టీచర్ని, వేసవి సెలవుల్లో ఉన్నాను. తోడు వెళ్ళే పని నా మీద పడింది. అది రెండువేల మూడో సంవత్సరం.

మే చివర్లో ఒక సాయంత్రం ఆరింటికి ఆటోలో బయలుదేరి కళ్యాణ్‌లో ఢిల్లీ రైలెక్కాం. సంచిలో జొన్నరొట్టెలు, మామిడికాయ తొక్కు, పల్లీల పొడి. ఎదురు సీటులోని భోపాల్ పెద్దమనిషి మా ప్రయాణం సంగతి విని జాలిపడ్డాడు. "మనాలీ వెళ్ళండి, అక్కడ పూలుంటాయి. స్పితిలో ఏముంది, రాళ్ళు." అక్క ఆయనకు రొట్టె పెట్టింది గానీ మనసు మార్చుకోలేదు.

ఢిల్లీ నుంచి రాత్రి బస్సులో సిమ్లా, అక్కడినుంచి పగలంతా ఇంకో బస్సులో రెకాంగ్ పియో చేరాం. బస్టాండు పైన గది దొరికింది. వేడినీళ్ళకు బకెట్‌కింతని వేరే ఇవ్వాలి. ఈ దారిన వెళ్ళేవాళ్ళు పియోలో ఒక రోజు ఆగడం మంచిది. మేం ఆగాం, అయినా నాకు తల పగిలినట్టు నొప్పి. హోటల్ ఆవిడ వెల్లుల్లి నమలమంది. అక్కకు మాత్రం ఆకలి ఎక్కువైంది.

స్పితిలోని కాజా ఊరికి వెళ్ళే బస్సు ఉదయం ఏడింటికి. చెట్లు పలచబడి, పూ అనే ఊరు దాటాక పూర్తిగా పోయాయి. ఖాబ్ వంతెన దగ్గర స్పితి వచ్చి సట్లెజ్‌లో కలుస్తుంది. అక్కడ గండి ఎంత ఇరుకంటే ఆకాశం ఒక పట్టీలా కనిపిస్తుంది. ఆ పైన రోడ్డు మెలికలు తిరుగుతూ ఎక్కుతుంటే నేను కళ్ళు మూసుకున్నాను.

"మొదటిసారా? కిందికి చూడకండి" అన్నాడు కండక్టర్.

"చూడనీకే వచ్చిన" అని తెలుగులోనే చెప్పి, అక్క కిటికీలోంచి తల బయట పెట్టింది.

సుమ్‌దో దాటాక మధ్యాహ్నం మూడింటికి దోర్జే చెప్పిన చోట బస్సు మమ్మల్ని రోడ్డు పక్కన దించింది. దోర్జే రోజూ ఆ బస్సు కోసం వచ్చి చూస్తున్నాడట. మమ్మల్ని చూసి పరుగున వచ్చాడు. "నిజంగా వచ్చారా?" అన్నాడు.

అతని ఊరు అవతలి ఒడ్డున ఉంది, వంతెన లేదు. నదికి అడ్డంగా ఇనుప తీగ, దానికి వేలాడే ఒక చెక్క తొట్టి, దానికి రెండు వైపులా తాళ్ళు. కింద మంచు కరిగిన బూడిదరంగు నీళ్ళు బండల మీద విరుచుకుపడుతున్నాయి. రెండు పక్కలా గోడల్లా కొండలు, ఒడ్డంతా రాయి, ఇసుక. నిజంగానే గడ్డిపోచ లేదు. అక్క ఒడ్డు వెంట కొంతదూరం నడిచి, వంగి, రాళ్ళ సందులు వెతికి వచ్చింది. ఆ హోరులో నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. "వాడు చెప్పింది నిజమే."

"చూసినం గద, ఇగ పోదాం" అన్నాను. తొట్టి చూసినప్పటి నుంచి నా చూపు వెనక రోడ్డు మీదే ఉంది.

"చూసినం. గడ్డెందుకు మొలవదో ఎర్కైందా?" అని, అక్క చీర కుచ్చెళ్ళు బిగించి, దోర్జే భుజం పట్టుకుని తొట్టిలోకి ఎక్కి కూర్చుంది. "ప్రభువా" అన్న మాట ఆమె పెదవుల మీద కనిపించింది. తొట్టి దానంతటదే జారి నది మధ్యకు పోయి ఆగింది. అక్కడినుంచి, అవతలి ఒడ్డున ఉన్న దోర్జే తల్లి, ఇంకో ఆవిడ తాడు లాగారు. అక్క అటూ ఇటూ తల తిప్పి చూస్తూనే పోయింది.

దోర్జే ఇవతలి తాడుతో తొట్టిని వెనక్కి లాగాడు. ఇక నా వంతు. వెనక్కి వెళ్దామన్నా ఆ రోజుకు బస్సు లేదు. కళ్ళు మూసుకునే ఎక్కాను. తొట్టి నది మధ్యకు పోయి ఆగిపోయి, ఊగడం మొదలైంది. తుంపర్లు ముఖానికి తగిలాయి. కళ్ళు తెరిచాను. అవతలి ఒడ్డున తాడు పట్టుకున్నది మా అక్క. పమిట నడుముకు చుట్టి, రెండు పాదాలూ రాళ్ళకు తన్నిపెట్టి లాగుతోంది. రోజూ బిస్సికి పిండి పిసికిన చేతులవి. దోర్జే తల్లి వెనక నిలబడి తాడు చుడుతోంది. భయం ఎటు పోయిందో తెలియదు. ఎగువకు చూశాను. ఆ గండి పొడవునా ఎండ పడి కొండలు గులాబీ, పసుపు, ఊదా రంగుల్లో ఉన్నాయి. దిగాక నాకు నవ్వాగలేదు.

దోర్జే కూడా దాటి వచ్చాడు. గంటసేపు ఎక్కితే ఊరు. మోకాళ్ళ కోసం అక్క పది చోట్ల కూర్చుంది గానీ ఆగుదామనలేదు. మలుపు తిరగగానే బఠాణీ చేలు, ఆప్రికాట్ తోటలు, పచ్చగా. అక్క అక్కడే నిలబడిపోయింది. దోర్జే తల్లి ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఒక సన్నటి కాలువ చూపింది. పైన మంచు దగ్గర మొదలై కొండ అంచునే వస్తుంది. ఏటా ఊరంతా కలిసి పూడిక తీస్తారు. అక్క దోసిలి పట్టి తాగింది.

"నది కొండను కోసుకుంట కిందికి దిగింది. ఇక్కడ వానల్లేవు, ఒడ్డుకు మన్ను నిలవది. గందుకే వీళ్ళు పైన మంచు నీళ్ళు పట్టుకున్నరు" అంది నెమ్మదిగా. తర్వాత దోర్జే వైపు తిరిగి హిందీలో చెప్పింది. "నువ్వు సగమే చెప్పినవ్. గీ సగం చెప్పలే."

మూడు రోజులున్నాం. ఉప్పూ వెన్నా వేసిన టీ నాకు నచ్చలేదు, అక్క మూడేసి గిన్నెలు తాగింది. తిరుగుదారిలో తొట్టి ముందు నేనే ఎక్కాను.

జూన్ రెండో వారంలో ఢిల్లీ నుంచి కళ్యాణ్ రైల్లో పక్క సీటావిడ మాటల్లో పెట్టింది. ఏ తీర్థానికి వెళ్ళొస్తున్నారని అడిగింది. తీర్థం కాదు, నది అంది అక్క. దారి వివరంగా చెప్పింది. పియోలో ఒక రోజు ఆగాలి, నది వైపు కిటికీ అడగాలి, వెల్లుల్లి వెంట ఉంచుకోవాలి. నేను ఈ వ్యాసంలో రాసినదానికంటే బాగా చెప్పింది.

స్పితికి వచ్చేవాళ్ళు బౌద్ధ మఠాలు చూస్తారు, అక్కడి గంటలు వింటారు, అవన్నీ చూడదగ్గవే. మేం అవేవీ చూడలేదు. ఒక నదిని ఒడ్డు నుంచి, దాని మీద వేలాడుతూ, పైనుంచి చూశాం. నా జీవితంలో ఇంత పూర్తిగా చూసినది ఇంకొకటి లేదు.

నాసిక్ దాటాక వాన అందుకుంది. పక్క సీటావిడ ఇంకా తేరుకోలేదు. "అంత దూరం పోయి ఏం తెచ్చుకున్నారు?" అంది.

"ఏం తేలే. చూసొచ్చిన" అంది అక్క, కాళ్ళు చాపుకుని కూర్చుంటూ.