నెత్తళ్ళూ చింతపండూ

పర్సుడీహ్ సంతలో మా అమ్మ కూర్చునే చోటు ఎవరిని అడిగినా చూపించేవాళ్ళు. చూపించకపోయినా ముక్కే దారి తీసేది. నెత్తళ్ళు, కవ్వళ్ళు, ఎండు రొయ్యపొట్టు గోనెపట్టా మీద కుప్పలు పోసుకుని, వెనక గోడకు జారగిలబడి కూర్చునేది. శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు నుంచి గంపలు రైలెక్కి టాటానగర్‌లో దిగేవి. అవి బర్మామైన్స్‌లోని మా ఇంటికి చేరేసరికి సందు సందంతా ముక్కు మూసుకునేది. బళ్ళో నా పక్కన ఎవరూ కూర్చోవడం లేదని ఇంటికొచ్చి అమ్మ మీద విరుచుకుపడేదాన్ని. "ఆ కంపే నీకు అన్నం ఎడతన్నాది, తిను" అనేది అమ్మ, తలకూడా ఎత్తకుండా.

కొనేవాళ్ళలో ఎక్కువమంది హాతా అనే ఊరి అవతలి కొండల నుంచి దిగి వచ్చే ఆడవాళ్ళే. చింతపండు, పసుపుకొమ్ములు, చీపుళ్ళు, కుట్టిన విస్తళ్ళు, వానలు పడితే పుట్టగొడుగులు తెచ్చేవాళ్ళు. వాటిని ఇచ్చి ఎండుచేపలు పట్టుకుపోయేవాళ్ళు. ఇది మా ఇంట్లో కొత్తగా పుట్టిన బేరం కాదు. మా అమ్మమ్మ చిన్నతనంలో మా ఊరి మగవాళ్ళు ఉప్పూ ఎండుచేపలూ కావిళ్ళకెత్తుకుని సవర కొండలెక్కేవారట. అక్కడ ప్రతివాడికీ నేస్తం కట్టిన ఇల్లు ఒకటి ఉండేదట. ఆ ఇంట్లోనే పడుకుని, ఆ ఇంటి గంజే తాగి, పసుపూ చింతపండూ మోసుకుని దిగేవారట. తరవాత రైలు మమ్మల్ని ఇంత దూరం లాక్కొచ్చి ఈ కొలిమి ఊళ్ళో పడేసింది. నాన్న ఉక్కు ప్లాంటులో చేరాడు. అమ్మ మాత్రం తన పుట్టింటి బేరమే చేసింది. కొండలు మారాయంతే.

అమ్మకు ఇక్కడ దొరికిన నేస్తం పేరు నాకు తెలియదు. తెలిసే వీలు లేదు. ఒక ఎండాకాలం అమ్మ సంతలో వడదెబ్బ తగిలి పడిపోతే, పక్కన చింతపండు అమ్ముకుంటున్న కొండావిడ అరికాళ్ళకు ఉల్లిపాయ రుద్ది, చెట్టునీడకు చేర్చి, సాయంత్రం దాకా అమ్మ సరుకు తానే అమ్మిందట. తక్కెడ పట్టడం రాక దోసిళ్ళతో కొలిచి ఇచ్చేసిందట. "లచ్చనంగా నా సరుకంతా పంచిపెట్టీసినాది" అని అమ్మ జీవితాంతం నవ్వుతూ దెప్పేది. ఆ ఏడు కొండవాళ్ళ కరమ పండగకు ఇద్దరూ చీరలు మార్చుకుని, ఒకరి తలలో ఒకరు పువ్వు పెట్టుకుని సహియాలయ్యారు. అంటే అక్కడి లెక్కలో తోడబుట్టిన వాళ్ళకన్నా ఎక్కువ. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు. ఒకరి సరుకు ఒకరికి తూచి ఇవ్వకూడదు. అమ్మ దోసిలి నెత్తళ్ళు పోస్తే ఆమె చింతపండు ముద్ద పెట్టేది. ఆ ముద్దను ఉప్పు చల్లి, గింజలు తీయకుండా నొక్కి, ఆకుల్లో చుట్టి, పుల్లతో కుట్టి తెచ్చేది. నాకు మాత్రం ఆమెను పిన్నమ్మా అని పిలవమని అమ్మ హుకుం. ఆమెకు తెలుగు రాదు, అమ్మకు ఆమె మాట రాదు. ఇద్దరికీ హిందీ అంతంతమాత్రం. అయినా సంత ఎత్తేసేదాకా కబుర్లకు అంతుండేది కాదు.

నిరుడు ఎండాకాలంలో అమ్మ కాళ్ళు వాచాయి. డాక్టరు కిడ్నీలన్నాడు, ఉప్పు మానమన్నాడు. ఎండుచేపలమ్మే మనిషిని ఉప్పు మానమంటే ఏం చెప్పను. వానలు మొదలయ్యేసరికి సంత మానేసి మంచాన పడింది. బేరం పోయినందుకు బాధపడలేదు. సంత రోజు మంగళవారం వస్తే మాత్రం నా ప్రాణం తీసేది.

"సంతకెల్లినావా? సహియా వచ్చినాదా?"

"లేదు."

"సరిగ్గా సూసినావేటి? దూరం నుంచి సూసి వచ్చీసుంటావు నువ్వు."

నేను దగ్గరికే వెళ్ళేదాన్ని. అమ్మ చోట్లో ఎవరో ప్లాస్టిక్ బకెట్లు పేర్చారు. ఆ పక్క చింతపండు చోటు వానల్లో బురదైపోయి ఖాళీగా ఉంది. దసరా దగ్గరకొచ్చేసరికి అమ్మ మొహం కూడా ఉబ్బిపోయింది. ఒక్కసారి సహియాను చూపించమని అడిగింది. మా అమ్మ నన్ను ఎప్పుడూ ఏదీ అడిగిన మనిషి కాదు.

"పేరు చెప్పు, వెతికి తీసుకొస్తాను" అన్నాను.

"సెప్పకూడదు."

"ఇప్పుడు కూడానా?"

"అది నన్ను పేరెట్టి పిలవదు. నాను దాన్ని పిలవను. పిలిస్తే సహియాతనం సెడిపోద్ది."

"పోనీ ఊరి పేరు?"

ఊరూ తెలియదు. ఆమె కొడుకు పెళ్ళికి ఒకే ఒకసారి వెళ్ళింది, అదీ మునిమాపువేళ లారీలో చీపురుకట్టల మధ్య కూర్చుని. హాతా దాటాక కొండవైపు తిరిగిందని మాత్రం గుర్తు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ స్నేహం, ఊరూ పేరూ లేని స్నేహం. గట్టిగా అరిచాను కూడా. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

ఆదివారం అన్నయ్యను బండి తియ్యమన్నాను. హాతా దాటి, కొండకింద సంతలో చింతపండు కుప్పల ముందు కూర్చున్న ప్రతి ఆవిడనీ అడిగాను. అక్కడ ఎండుచేపను సుఖువా అంటారు. సుఖువా అమ్మే తెలుగు మనిషికి సహియా ఎవరని అడగడం తప్ప నా దగ్గర వేరే ఆనవాలు లేదు. కొందరు నవ్వారు. చివరికి ఒక ముసలావిడ నన్ను ఎగాదిగా చూసి, తన కుప్ప పక్కావిడకు అప్పగించి, మమ్మల్ని కాలిబాట వెంట తీసుకువెళ్ళింది.

ఎర్రమట్టితో అలికిన ఇల్లు. ఆ ఇంటి కోడలు చెంబుతో నీళ్ళు తెచ్చి మా కాళ్ళముందు పెట్టి, వంగి దండం పెట్టింది. నేనెవరో చెప్పగానే అలాగే చతికిలబడిపోయింది.

నాట్లప్పుడు అత్తకు జ్వరం వచ్చిందట. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే పోయిందట. కబురు చెప్పడానికి కొడుకు పర్సుడీహ్ సంతకు వచ్చాడట. అమ్మ చోట్లో అమ్మ లేదు. జబ్బుపడిందన్నారు, ఇల్లెక్కడో ఎవరూ చెప్పలేకపోయారు. తల్లి బతికుండగా ఎన్నిసార్లు అడిగినా "నా సహియా పేరు నేను పలకను" అందట. అందుకని ఏ పేరుతో వెతకాలో అతనికి తెలియలేదు. బర్మామైన్స్‌లో ఒక పూటంతా తిరిగి తిరిగి వెళ్ళిపోయాడట. మా సందు దాకా వచ్చాడేమో కూడా. ఆ మాట వినగానే నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమెను పిన్నమ్మా అని గట్టిగా పిలిచాను, ఆమె లేని ఇంట్లో.

పోయే ముందు నెత్తళ్ళు అడిగిందట. దుకాణంలో ప్యాకెట్టు కొనుక్కొచ్చి వేయించి పెడితే, ఒకటి కొరికి, ఇది మా సహియాది కాదని పక్కన పెట్టేసిందట. కర్మల భోజనం నాడు అమ్మ వాటా ఒక విస్తట్లో వడ్డించి గడప దగ్గర ఉంచారట. సాయంత్రం దాకా చూసి ఆవుకు పెట్టారట. మేము లేచేటప్పుడు కోడలు లోపలికెళ్ళి చింతపండు సంచి ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది.

దారిలో అన్నయ్య బండి ఆపాడు.

"అమ్మకు సెప్పొద్దు. సహియా కూతురింటికి ఎల్లినాదని బోల్ దేంగే, అలగే సెప్పీద్దుం. ఈ టైంలో తట్టుకోనేదు."

నాకూ అదే మంచిదనిపించింది. అబద్ధాన్ని ఇద్దరం ముందే సరిచూసుకున్నాం. పెద్ద కూతురికి పురుడు, చలికాలం దాటాక వస్తుంది, అమ్మను అడిగానని చెప్పమంది.

అమ్మ మంచంమీద లేచి కూర్చుని ఉంది. తల దువ్వించుకుంది. అన్నయ్య కథ మొదలుపెట్టాడు, బాగానే చెప్పాడు. అమ్మ వింటూనే నా చేతిలో సంచి తీసుకుని విప్పింది. పాలిథిన్ కవరు. గింజ తీసిన చింతపండు. వేళ్ళతో కాస్త తుంచి నాలుకమీద పెట్టుకుంది. ఉప్పు లేదు.

"ఎప్పుడు?" అంది.

నేను చెప్పాను. నాట్లప్పుడని, కొడుకు వెతుక్కుంటూ వచ్చాడని, విస్తరి పెట్టారని అన్నీ చెప్పాను. నెత్తళ్ళ సంగతీ చెప్పాను. అమ్మ ఏడవలేదు. నీళ్ళు తోడమంది, తలమీద పోసుకోవాలంది.

"మనకేటి మైలమ్మా" అన్నాడు అన్నయ్య. "ఆలు మన కులపోల్లేటి? ఇన్ని నెలలైపోనాది, జొరమొత్తాది నీకు."

"నాకు ఇయ్యేలే పోనాది" అంది అమ్మ. "నీల్లు తోడు."

పెరట్లో పీట వేసి కూర్చోబెట్టాం. నేను చెంబుతో పోస్తుంటే అన్నయ్య భుజాలు పట్టుకున్నాడు. ఆ వాచిన ఒంటిమీంచి నీళ్ళు జారుతుంటే అప్పుడు ఏడ్చింది, నోరు తెరిచి, చిన్నపిల్లలా. సహియా, సహియా అని మాత్రమే అంది. అప్పుడు కూడా పేరు రాలేదు. తరవాత నన్నూ పోసుకోమంది, నాకు పిన్నమ్మ కదా అని. పోసుకున్నాను. తరవాత అన్నయ్య కూడా చొక్కా విప్పాడు.

పొడిచీర కట్టించి పడుకోబెట్టాక నా చెయ్యి వదల్లేదు.

"దారి సూసొచ్చినావు గదా" అంది.

"చూశానమ్మా."

"నాను పోతే ఆలకి కబురెట్టాల. ఆ పిల్లోడు మల్లీ సందులంట తిరక్కూడదు."

పెడతానన్నాను. చలికాలం పోకముందే ఆ కబురు పట్టుకుని హాతా బస్సెక్కాను, ఒక్కదాన్నే.