ముబాషిరా కంప్యూటర్‌లో రెండో చెయ్యి

ముబాషిరాకు నలభై దగ్గర పడుతున్నాయి. డిగ్రీ రెండో ఏట చదువు ఆపేసింది. పిల్లలు బడికి వెళ్లే వయసొచ్చాక పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేసే పని నేర్చుకుంది. వాళ్లుండే మార్కాపురంలోనే భర్త షబ్బీర్‌కు మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం ఉంది. ఇంట్లో ముందు గదిలో, కిటికీ పక్కన కంప్యూటర్ పెట్టుకుని, తలుపుకు పరదా వేసుకుని ఆమె పని చేసుకుంటుంది.

పెళ్లిళ్లలో ఆడవాళ్ల గదిలో తీసిన ఫొటోలను చాలా ముస్లిం కుటుంబాలు స్టూడియోకు ఇవ్వవు. ముబాషిరాకు ఇస్తాయి. మెహెందీ నాడు తల మీద దుపట్టా లేకుండా నవ్వే పెళ్లికూతుళ్లు, ముఖాలకు పసుపు పూసుకున్న అత్తలు, డోలక్ వాయించే ముసలమ్మలు... పరాయి మగవాళ్ల కంట పడకూడదని అనుకున్నవన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉండేవి. తర్లుపాడు నుంచీ దర్శి నుంచీ తల్లులే స్వయంగా వచ్చి, మెమరీ కార్డు ఆమె చేతిలో పెట్టి వెళ్లేవారు. "ముబాషిరా దగ్గరుంటే మన బీరువాలో ఉన్నట్టే" అనేవారు.

ఆ ఏడు రంజాన్ తర్వాత పెళ్లిళ్లు ఒక్కసారిగా మీద పడ్డాయి. అందరూ కొత్త రకం డిజైన్లు అడుగుతున్నారు. ఆల్బమ్ పనివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకతను అలాంటి డిజైన్లు ఊరికే ఇస్తానన్నాడు. ఆమె తీసుకుంది కానీ, అవి ఎంతకూ తెరుచుకోలేదు. "మీరు కష్టపడొద్దు మేడమ్, ఇక్కడి నుంచి నేనే పెడతాను" అంటూ అతను ఫోన్ చేసి, దూరం నుంచే కంప్యూటర్‌ను నడిపే యాప్ ఒకటి వేయించాడు. యాంటీవైరస్‌ను కాసేపు ఆపమన్నాడు. ఆపింది. తెర మీద కనిపించిన నంబరు చదవమన్నాడు. చదివింది. కొంచెం సేపట్లో డిజైన్లన్నీ చక్కగా తెరుచుకున్నాయి. ఆమె అతనికి థ్యాంక్స్ చెప్పి పనిలో పడిపోయింది. ఆ యాప్ సంగతే మరిచిపోయింది.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం, పళ్లెంలో అన్నం పెట్టుకుని వంటింట్లోంచి ముందు గదిలోకి వచ్చింది. కుర్చీ ఖాళీగా ఉంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. తెర మీద బాణం గుర్తు మాత్రం కదులుతోంది.

ముందు మౌస్ చెడిపోయిందేమో అనుకుంది. కానీ బాణం పిచ్చిగా తిరగడం లేదు. ఇల్లు తెలిసిన మనిషిలా, తొందర లేకుండా, నేరుగా ఒక ఫోల్డర్ దగ్గరికి వెళ్లి ఆగింది. ఫిర్దౌస్ మెహెందీ. తర్లుపాడు దిల్షాద్ బేగం కూతురి ఫొటోలు. ఫోల్డర్ తెరుచుకుంది. ఒక ఫొటో పెద్దదైంది. మూసుకుంది. ఇంకొకటి పెద్దదైంది.

ముబాషిరా పళ్లెం పట్టుకునే తెర దగ్గరికి వచ్చింది. చూస్తుండగానే తెర మీద ఇంకో బొమ్మ వచ్చింది. ఎవరో ఆడమనిషి. చేతిలో పళ్లెం, నెత్తిన ముసుగు లేదు, నోరు తెరుచుకుని నిలబడి ఉంది. అది తానేనని ఆమెకు వెంటనే తెలియలేదు. తెలిశాక తల పైకెత్తి చూసింది. కంప్యూటర్ కెమెరా పక్కన లైటు వెలుగుతోంది. ఎవడో తననే చూస్తున్నాడు.

పళ్లెం జారి నేల మీద పడింది. ఆమె గోడ దగ్గరికి ఒక్క ఉరుకు ఉరికి ఇంటర్నెట్ డబ్బా తీగ పీకేసింది. బాణం ఉన్నచోటే ఆగిపోయింది. ఆమె మాత్రం ఆ తీగను పిడికిట్లో పట్టుకుని, షబ్బీర్ వచ్చేదాకా గోడవారనే కూర్చుండిపోయింది.

కంప్యూటర్లు బాగుచేసే ప్రవీణ్ కుమార్ వచ్చి చూశాడు.

"అక్కా, ఈ యాప్ ఎవరు వేయించినారు?"

ఆమె చెప్పింది.

"అప్పుడే లోపల తన పాస్‌వర్డ్ ఒకటి పెట్టుకోని పోయినాడు. మీరు కంప్యూటర్ ఆన్ చేస్తే చాలు, మిమ్మల్ని అడిగే పని లేకుండా వస్తాడు. ఇది మొదటిసారి కాదక్కా. శానాసార్లు వచ్చినాడు."

"చూసి పోయినాడా? తీసుకోని పోయినాడా?"

ప్రవీణ్ తెర వైపే చూస్తూ అన్నాడు: "ఫిర్దౌస్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోని పోయినాడు. మిగతావి పోయినట్లు కనపడటం లేదు. పోలేదని గ్యారంటీగా చెప్పలేను."

పోలీసులకు చూపించేదాకా యాప్‌ను తీసేయొద్దనీ, నెట్ మళ్లీ తగిలించొద్దనీ చెప్పి వెళ్లాడు.

షబ్బీర్ వీధి తలుపు మూసి వచ్చాడు. "ఎవరికీ చెప్పొద్దు. అవి బయటికి వస్తాయో రావో! చెప్తే మనమే బజార్న పడతాం."

"వస్తే? ఆ పిల్లకు ఎవడో ఫోన్లో చూపిస్తే తెలియాల్నా? పొద్దున్నే తర్లుపాడు పోదాం పా."

దిల్షాద్ బేగం వాళ్లను చూసి ఆల్బమ్ తెచ్చారనుకుంది. నవ్వుతూ చాప పరిచింది. ముబాషిరా కూర్చోలేదు. నిలబడే జరిగిందంతా చెప్పింది.

"ఏంది నువ్వు చెప్పేది?" దిల్షాద్ బేగం మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "నా బిడ్డ ఫొటోలా? ఎవడో మగోడి చేతిలోనా?"

"తప్పు నాదే ఖాలా. ఎవడో తెలియనోణ్ణి నేనే లోపలికి రానిచ్చినాను."

"నిన్ను చూసి ఇచ్చినా గదే! నీ కంప్యూటర్‌ను చూసి ఇచ్చినానా?" ఆమె గోడకు ఆనుకుని కిందికి జారిపోయింది.

పుట్టింటికి వచ్చి ఉన్న ఫిర్దౌస్ లోపలి గది గడపలో నిలబడి అంతా విన్నది. గడప దాటి ముందుకు వచ్చింది. ముబాషిరా వైపు తిరిగింది.

"ఆపా, పోలీసులకు చెప్పినారా?"

"నిన్ను అడక్కుండా ఎట్ల చెప్తాను?"

"అయితే ఇప్పుడే పోదాం. మా ఆయనకు కూడా నేనే చెప్తా. ఇంకెవరో చెప్పకముందే చెప్తా."

తల్లి వద్దంటూ చెయ్యి పట్టుకుంది. ఫిర్దౌస్ ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుని బురఖా వేసుకుంది.

స్టేషన్లో కానిస్టేబుల్ సంధ్యారాణి ఫిర్యాదు రాసుకుంది. ఆ డిజైన్లు ఇచ్చినవాడి నంబరుకు ఫోన్ చేస్తే స్విచాఫ్ వచ్చింది. ఆ సిమ్ ఎవరో ముసలాయన పేరు మీద ఉందని, ఆయనకు ఆ సంగతే తెలియదని తర్వాత బయటపడింది. ఆ యాప్ వేయించినవాడు ఇప్పటికీ దొరకలేదు. ఫొటోలు ఎక్కడైనా కనిపించాయని ఎవరూ చెప్పలేదు. కానీ తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ఫిర్దౌస్ ఇంకా ఎత్తదు. ఆమె భర్త అయాజ్ ఆ మాట విన్న రోజు అన్నం ముట్టలేదట. మరునాడు మాత్రం తానే స్టేషన్‌కు వెళ్లి, కేసు ఎంతదాకా వచ్చిందని అడిగి వచ్చాడు. దిల్షాద్ బేగం ముబాషిరాతో మాట్లాడటం లేదు.

మిగతా కుటుంబాలకు కూడా ముబాషిరా వెళ్లి చెప్పింది. కొందరు కార్డులు వెనక్కి తీసుకున్నారు. ఒకామె తలుపే తీయలేదు.

పోలీసులు చూశాక, ప్రవీణ్ కంప్యూటర్‌లో ఉన్నదంతా తుడిచేసి అన్నీ కొత్తగా పెట్టాడు. ఫొటోలున్న ఆ కంప్యూటర్‌కు ముబాషిరా ఇప్పుడు నెట్ అసలు తగిలించదు. బయటికి పంపాల్సినవి ఇంకో కంప్యూటర్‌లోంచి పంపుతుంది. దాని పాస్‌వర్డ్‌లన్నీ మార్చింది, అప్‌డేట్ అడిగితే వాయిదా వేయదు, ఊరికే వచ్చే డిజైన్ల జోలికి పోదు. సాయం చేస్తాననే గొంతు ఫోన్‌లో ఎంత మెత్తగా ఉన్నా, తెర మీది నంబరు చదివి చెప్పదు.

ఈమధ్య కనిగిరి నుంచి ఒక తల్లి కార్డు తీసుకుని వచ్చింది. "ఇవి యాడికీ పోవు గదమ్మా?" అని అడిగింది.

ముబాషిరా ఆమెను కూర్చోబెట్టి, తన కంప్యూటర్‌లో జరిగిందంతా దాచకుండా చెప్పింది. "దీనికి ఇప్పుడు నెట్ లేదు. ఆల్బమ్ అయినాక మీ ముందే ఫొటోలన్నీ తీసేస్తా. అంతవరకే నేను చెప్పగలిగేది."

ఆమె కార్డును మళ్లీ సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. ఇక రాదనే ముబాషిరా అనుకుంది. వారం తిరక్కముందే ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి వెంట కూతురు ఉంది.

"ఫొటోలు ఈ పిల్లవి గదా. నాకు చెప్పినట్లనే ఈమెకూ చెప్పు. ఇచ్చేదీ ఇయ్యనిదీ ఈమె ఇష్టం."

ముబాషిరా ఆ పిల్లకు కుర్చీ జరిపి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.